కేబుల్‌లో ఎన్ని ఫైబర్ పోగులు? ఒక నిర్ణయ చరిత్ర

కేబుల్‌లో పోగులు ఎక్కువైతే అంత మేలని మీరు అనుకోవచ్చు. చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది.

1988 డిసెంబరులో అమెరికాను బ్రిటన్, ఫ్రాన్స్‌లతో కలిపిన టాట్-8, అట్లాంటిక్‌ను దాటిన తొలి ఆప్టికల్ ఫైబర్ కేబుల్. అందులో వాడుకకు ఉన్నవి రెండు జతల పోగులే. మరో జత అదనం. ఎందుకంత తక్కువ? కాంతి దూరం పోయేకొద్దీ బలహీనపడుతుంది. అందుచేత సముద్రం అడుగున దారి పొడవునా రిపీటర్లు అమర్చాలి. వాటికి విద్యుత్తు తీరం నుంచి అదే కేబుల్ గుండా అందాలి. పోగులు పెరిగితే పరికరాలు, విద్యుత్ అవసరం రెండూ పెరుగుతాయి.

1990లలో వచ్చిన ఆప్టికల్ యాంప్లిఫయర్ ఒకే పోగులోని అనేక తరంగదైర్ఘ్యాలను కలిపి బలపరచగలిగింది. దాంతో పోగుల సంఖ్య కంటే తరంగదైర్ఘ్యాల సంఖ్య పెంచడంపై దృష్టి మళ్లింది. ఆ మార్గమూ పరిమితికి చేరువయ్యాక మళ్లీ పోగులవైపే చూశారు. 2021లో సేవలకు సిద్ధమైన డ్యూనాంట్ కేబుల్‌లో 12 జతలున్నాయి. రిపీటర్లలోని లేజర్లను పలు జతలు పంచుకోవడం వల్ల ఇది సాధ్యమైంది.

భవనాల మధ్య వేసే కేబుల్‌కు సాధారణంగా రిపీటర్లు అక్కర్లేదు. అక్కడ మళ్లీ కందకం తవ్వడమే భారం కనుక ముందే అదనపు పోగులు వేయడం మేలు. కాబట్టి "ఎన్ని పోగులు?" అనే ముందు "దారిలో ఏముంది?" అని ప్రశ్నించుకోండి.