అమెరికాలో పక్షకలహము: వాదము వెనుకనున్న బలములు

ఒకే దేశమున నివసించుచు, ఒకే రాజ్యాంగమునకు బద్ధులైన జనులు రెండు శిబిరములుగా చీలి, ఒకరి మాట నొకరు విననొల్లని స్థితికి వచ్చుట చరిత్రలో క్రొత్త గాదు. అయినను నేటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో డెమొక్రాటులకును రిపబ్లికనులకును నడుమ సాగుచున్న వాగ్యుద్ధము విశేషముగా పరిశీలింపదగినది. పన్నులు, తుపాకుల నియంత్రణము, గర్భస్రావపు హక్కు, పరదేశీయుల వలస - పైకి కనబడు తగవులివి. తుపాకులకును ఆదాయపు పన్నునకును తర్కరీత్యా సంబంధ మేమియు లేదు. అట్లయ్యును, ఒకదానిపై నొక మనుజుని యభిప్రాయము తెలిసినచో, రెండవదానిపై నతడేమనునో పలుమారు ముందుగనే యూహింప వీలగుచున్నది. దీనికి కారణమేమి?

1787లో ఫిలడెల్ఫియాలో రచింపబడిన రాజ్యాంగమున రాజకీయ పక్షముల ప్రసక్తియే లేదు. ఆ సంవత్సరముననే జేమ్స్ మాడిసన్ ‘ఫెడరలిస్ట్’ వ్యాసములలో పదవదానియందు, కూటముల కలహమునకు బీజము మానవ స్వభావముననే కలదనియు, దానిని పెరికివేయుట యసాధ్యమనియు, దాని ఫలితములను మాత్రమే అదుపున నుంచవచ్చుననియు వాదించెను. 1796లో జార్జి వాషింగ్టన్ తన వీడ్కోలు సందేశమున పక్షావేశమును గూర్చి ప్రజలను హెచ్చరించెను. కాని యప్పటికే ఆయన కొలువులో మంత్రులుగా నుండిన హామిల్టన్, జెఫర్సన్‌ల చుట్టును రెండు పక్షములు వెలసియుండెను. కూటముల కీడును వివరించిన మాడిసనే జెఫర్సన్ పక్షనిర్మాతలలో నొకడయ్యెను!

పందొమ్మిదవ శతాబ్దమున పక్షాభిమానమునకు పెద్ద ఆధారము జీవనోపాధి. 1829లో ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడైన పిమ్మట ‘గెలిచినవారిదే కొలువు’ అను పద్ధతి బలపడెను. తపాలా కార్యాలయములలోను, సుంకపు కచ్చేరీలలోను ఉద్యోగములు పక్షసేవకు ప్రతిఫలముగా పంచబడెడివి. ఉద్యోగులు తమ జీతములలో కొంత భాగమును పక్షనిధికి చెల్లింపవలసి వచ్చెడిది. ఎన్నికలో ఓడుట యనగా ఎన్నో కుటుంబముల నోటికాడి కూడు పోవుటయే. 1881లో ఉద్యోగము దొరకలేదను కసితో చార్లెస్ గీటో అనువాడు అధ్యక్షుడు గార్‌ఫీల్డును కాల్చెను. ఆ గాయముతోనే అధ్యక్షుడు మరణించెను. ఆ ఘోరము పిదప 1883లో పెండిల్టన్ చట్టము వచ్చి, పోటీ పరీక్షల ద్వారా నియామకములకు దారి తీసెను. 1939 నాటి హాచ్ చట్టము ఫెడరల్ ఉద్యోగులను పక్షప్రచారమునకు దూరముగా నుంచెను. మన కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తన నియమావళి విధించిన కట్టుబాటు నిట్టిదే.

కొలువులకొరకైన పోరే కలహమునకు ఏకైక మూలమైనచో, ఈ సంస్కరణములతో అది శాశ్వతముగా చల్లారియుండవలెను. ఇరువదవ శతాబ్దపు నడుమ కొంతకాలము చల్లారినట్లే కనబడెను. 1950లో అమెరికన్ రాజనీతిశాస్త్ర సంఘము వెలువరించిన యొక నివేదిక, రెండు పక్షములకును తగినంత స్పష్టమైన భేదము లేదని ఫిర్యాదు చేసినది! దక్షిణ రాష్ట్రముల సంప్రదాయవాదులైన తెల్లవారును, ఉత్తరాది నగరముల కార్మికులును డెమొక్రాటిక్ పక్షముననే యుండిరి. రిపబ్లికన్ పక్షమునందును ఉదారవాదులకు కొదువ లేదు. పొరుగువాడు చర్చికి పోవునా, పల్లెలో నుండునా అను సంగతులనుబట్టి వాని పక్షమును నిర్ణయించుట కష్టము. ఒక విషయమున విరోధులైనవారు మరియొక విషయమున మిత్రులగుచుండిరి. కాని యా శాంతికి చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. నల్లజాతివారి హక్కులను గూర్చి ఉభయ పక్షములును చిరకాలము వహించిన మౌనముపై నది నిలిచియుండెను.

ఆ మౌనము 1964లో భగ్నమయ్యెను. ఆ యేటి పౌరహక్కుల చట్టము సెనేటులో 73 - 27 ఓట్లతో నెగ్గినది. వ్యతిరేకించిన 27 మందిలో 21 మంది డెమొక్రాటులు. ఆ చట్టముపై సంతకము చేసిన అధ్యక్షుడు జాన్సనును డెమొక్రాటే. అనగా తగవు నాడు పక్షముల నడుమ గాక పక్షముల లోపలనే జరిగినది. ఆ చట్టమును వ్యతిరేకించిన రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ ఆ సంవత్సరపు ఎన్నికలో ఆరు రాష్ట్రములనే గెలుచుకొనెను. వానిలో అయిదు దక్షిణాది రాష్ట్రములు. అక్కడనుండి మూడు దశాబ్దములపాటు జనులు మెల్లమెల్లగా తావులు మారిరి. 1965 నాటి వోటుహక్కుల చట్టము, 1973లో గర్భస్రావముపై సుప్రీంకోర్టు తీర్పు ఈ మార్పునకు తోడ్పడెను. 1965 నాటి వలసచట్టమును జాతిస్వరూపమును మార్చినది. తెలుగు కుటుంబములు పెక్కు ఆ దేశమున స్థిరపడుటకు ద్వారము తెరచినది ఆ చట్టమే. తుదకు జాతి, మతనిష్ఠ, ప్రాంతము, విద్య, నగర గ్రామ భేదము అన్నియు క్రమముగా పక్షరేఖతో కలిసిపోయినవి. లిలియానా మేసన్ 2018లో ప్రకటించిన గ్రంథమున చూపిన సంగతి యిదియే: పక్షము నేడు ఒక అభిప్రాయము గాక, అనేక బంధములను ముడివేసిన యొక పెద్ద కులమువంటిది.

ఇందుకు నిదర్శనములు గలవు. తమ సంతానము ఎదుటి పక్షమువారితో వియ్యమందుట మీకు అప్రియమా యని 1960లో అడిగినప్పుడు, ఔనన్నవారు ఉభయ పక్షములలోను నూటికి అయిదుగురికి మించలేదు. 2010లో అట్టి ప్రశ్నకే రిపబ్లికనులలో దాదాపు సగముమంది, డెమొక్రాటులలో మూడవవంతు ఔననిరి. 2003లో జెఫ్రీ కోహెన్ ప్రకటించిన పరిశోధన మరింత విస్మయకరమైనది. పేదల సహాయమునకు సంబంధించిన పథకమును విద్యార్థులముందుంచి, దీనిని మీ పక్షము బలపరచినదని చెప్పగనే, అది తమ సిద్ధాంతమునకు విరుద్ధమైనను వారు మెచ్చుకొనిరి. పైగా, పథకపు గుణములను చూచియే మెచ్చితిమని నమ్మిరి! తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళనుట మాత్రమే కాదు, లెక్కపెట్టియే చెప్పుచున్నామని నమ్ముట యిందలి విశేషము.

ద్వేషమునకు అజ్ఞానము తోడగుచున్నది. 2018లో ఏలర్, సూద్ అను పండితులు ప్రకటించిన దానినిబట్టి, రిపబ్లికనులలో నూటికి 38 మంది యేటికి రెండున్నర లక్షల డాలర్లకు మించిన ఆదాయము గలవారని అమెరికనులు భావించిరి. నిజమునకు అట్టివారు ఇద్దరే. డెమొక్రాటులను గూర్చిన ఊహలును ఇట్టివే. అనగా వారు పోరాడుచున్నది పొరుగువానితో గాదు, తాము కల్పించుకొన్న వాని బొమ్మతో.

ఈ మంటకు గాలి విసరు ఏర్పాటులును గలవు. 1955 మొదలు 1994 వరకు ప్రతినిధుల సభ డెమొక్రాటుల చేతిలోనే యుండినది. గెలుపు దుర్లభమని యెరిగిన ఎదుటివారు రాజీతో పని జరుపుకొనిరి. తరువాత ప్రతి యెన్నికయు తుల్యబలముల పోరాటమయ్యెను. 2000లో ఫ్లోరిడాలోని 537 ఓట్ల తేడాయే అధ్యక్షుని నిర్ణయించెను. అట్టిచో ఎదుటివానికి కీర్తి దక్కనీయకుండుటే లాభసాటి. ఒకే పక్షము బలముగల నియోజకవర్గములలో అసలు పోటీ స్వపక్షపు అభ్యర్థి నిర్ణయముననే ముగియును. అందు వోటు వేయువారు కొలదిమంది, వారిలో నిష్ఠ మెండు. భిన్నాభిప్రాయములకును చోటీయవలెనని ప్రసారకులను 1949 నుండి నిర్బంధించిన నియమము 1987లో రద్దయ్యెను. పిదప కోపమే మంచి సరకని వార్తావ్యాపారులు గ్రహించిరి.

అయినను తగవులన్నియు వట్టి భ్రమలనుట పొరపాటు. 1856లో బానిసత్వమును ఖండించిన సెనేటర్ సమ్నరును, ప్రతినిధి బ్రూక్స్ సభాభవనముననే చేతికర్రతో స్పృహ తప్పునట్లు కొట్టెను. ఆ కలహమున ధర్మమొక వైపుననే యున్నది. అందరును శాంతించిన చాలునని నాడు కోరుట బానిసలకు అన్యాయమే యగును. నేడును గర్భస్రావ విషయమున 2022లో సుప్రీంకోర్టు తన పూర్వ తీర్పును త్రోసిపుచ్చినప్పుడు లక్షలాది స్త్రీల జీవితములకు సంబంధించిన నిర్ణయము జరిగినది. విషయము సత్యమే, కాని విషయమును తూచు త్రాసు పక్షము చేతిలో పడినది. అదియే ప్రమాదము. ఓటమి యనగా నొక పథకము వీగిపోవుట గాక, తన జాతి, తన గుడి, తన ఊరు, తన మర్యాద అన్నియు నొక్కసారిగా నోడిపోవుటయని తోచినప్పుడు, ఓటమి నంగీకరించుట దుర్భరమగును. 2021 జనవరి 6న ఎన్నిక ఫలితమును ధ్రువపరచుచున్న కాంగ్రెసు భవనముపై జరిగిన దాడి యా భయమెంత దూరము పోగలదో చూపినది.

మాడిసన్ చెప్పినట్లు కలహబీజము పెరికివేయరానిది. 1950 నాటి శాంతివలె అన్యాయమును కప్పిపుచ్చునదియు కోరదగినది గాదు. ఒక బజారున విరోధులైనవారు మరియొక బజారున మిత్రులు కాగల సమాజమే వాదమును భరింపగలదు. ఆ అడ్డుదారులు మూసికొనిపోయిన చోట ఎంత గొప్ప రాజ్యాంగమైనను చాలదు. ప్రజాస్వామ్యమును నడుపుకొను ప్రతి జాతియు అమెరికా చరిత్రనుండి గ్రహింపదగిన పాఠమిది.