కాఫీ హౌస్‌లో తీరిక

1930ల ఆర్థిక మాంద్యంలో విదేశీ గిరాకీ పడిపోయి, చిక్కమగళూరు, కొడగు, నీలగిరి తోటల కాఫీ గింజలకు గిట్టుబాటు ధర లేకుండా పోయినప్పుడు, దేశంలోనే కాఫీ తాగేవారిని పెంచుకోవడం తప్ప తోటల యజమానులకు వేరే దారి కనిపించలేదు. అందుకోసం 1935లో చట్టం చేసి కాఫీపై సెస్సు, అంటే ఒక నిర్ణీత ప్రయోజనానికే ఖర్చు చేయవలసిన పన్ను విధించారు. ఆ సొమ్ముతో మరుసటి ఏడాది బొంబాయి చర్చిగేట్ ప్రాంతంలో తొలి ఇండియా కాఫీ హౌస్ తెరుచుకుంది. నగరవాసి ఆదివారం మధ్యాహ్నం ఒక కప్పు ముందు పెట్టుకొని తీరికగా కూర్చోవడానికి మన దేశంలో గట్టి పునాది వేసింది ఈ ప్రచార దుకాణమే.

అంతకుముందరి స్థితితో పోల్చి చూస్తే గాని దీని విలువ తెలియదు. మద్రాసు రాజధానిలోని కాఫీ క్లబ్బుల్లో, అంటే కాఫీ, ఫలహారాలు అమ్మే హోటళ్లలో, బ్రాహ్మణులకు వేరుగా చోటు కేటాయించడం, దళితులను లోపలికి రానివ్వకపోవడం చాలాచోట్ల మామూలుగా సాగేది. దొరల క్లబ్బుల్లో భారతీయులకు సాధారణంగా ప్రవేశం ఉండేది కాదు. కాఫీ హౌస్‌లో మాత్రం కప్పు ధర చెల్లించినవారు ఏ బల్ల దగ్గరైనా కూర్చోవచ్చు, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. కలకత్తా కాలేజీ స్ట్రీట్‌లోని ఆల్బర్ట్ హాలు కాఫీ హౌస్ విద్యార్థులకూ కవులకూ సినిమావారికీ అడ్డాగా మారింది ఈ వెసులుబాటు వల్లనే.

1950ల మధ్యలో, ఈ దుకాణాలను నడుపుతున్న ప్రభుత్వ సంస్థ కాఫీ బోర్డు వాటిని మూసివేయడానికి పూనుకొని పనివారిని తొలగించినప్పుడు, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అండతో వారు సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. అంటే సర్వర్లు, వంటవారే సభ్యులై దుకాణాలను తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1957లో బెంగుళూరులోనూ ఢిల్లీలోనూ మొదలైన ఈ సంఘాలే ఆ తీరికను కాపాడాయన్నది గుర్తుంచుకోదగిన విషయం. తెల్లని దుస్తులు, నడుముకు వెడల్పాటి పట్టీ, నెమలి పురిలా విచ్చుకున్న కుచ్చు గల తలపాగా వారి గుర్తులు. తిరువనంతపురం తంపానూరులో వాస్తుశిల్పి లారీ బేకర్ వారి కోసం కట్టిన ఎర్ర ఇటుకల భవనంలో అంతస్తులంటూ విడిగా లేవు. నేలే మెలికలు తిరుగుతూ పైకి సాగుతుంది, దాని వెంట బల్లలు, అరుగులు కట్టడంలోనే అమరి ఉంటాయి, గోడల్లోని కంతల గుండా గాలీ వెలుతురూ వస్తాయి.

ఇక కాఫీ అమ్మకం సంగతి చూస్తే, 1942లో చేసిన కాఫీ చట్టం తర్వాత పండిన పంటను రైతులు కాఫీ బోర్డుకే అప్పగించవలసి వచ్చేది. 1990లలో ఈ కట్టుబాటు సడలుతూ వచ్చి, 1996 నాటికి పంటంతా స్వేచ్ఛగా అమ్ముకునే వీలు కలిగింది. చిక్కమగళూరు తోటల కుటుంబానికి చెందిన వి.జి. సిద్ధార్థ బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో తొలి కెఫే కాఫీ డే తెరిచింది ఆ ఏడాదే. ఇంటర్నెట్‌తో పాటు కాఫీ అందించిన ఆ దుకాణం యువతరపు కెఫేలకు దారి వేసింది గాని, పెరిగిన కప్పు ధర వల్ల పాత కాఫీ హౌస్‌లోకి వెళ్లగలిగిన సామాన్యులు ఎందరో బయటే ఉండిపోయారు. తెలుగు నేలకు సంబంధించినంతవరకు, తూర్పు కనుమల ఆదివాసీ రైతులు పండించిన అరకు కాఫీ 2017లో పారిస్‌లోనూ, 2021లో బెంగుళూరు ఇందిరానగర్‌లోనూ తన పేరుతోనే కెఫేలు తెరుచుకుంది.