వంటకు అరగ్లాసు... మిగతా సీసా సంగతి?

ఇటాలియన్ రిసొట్టో ఒక చిన్న కుటుంబానికి వండాలంటే వంద మిల్లీలీటర్ల వైన్ చాలు. సీసా మాత్రం 750. బిరడా తీసిన క్షణం నుంచి మిగిలిన 650 మిల్లీలీటర్ల మీద గాలి పని మొదలుపెడుతుంది. తాగేవాళ్లున్న ఇంట్లో దీన్ని సమస్య అనరు. వంటకోసమే కొన్న ఇంట్లో మాత్రం ఆ సీసా ఫ్రిజ్ తలుపులో నెలల తరబడి నిలబడి ఉంటుంది. ఏదో వీడియో చూసి ఒకసారి పాస్తా వండిన డాలస్, న్యూజెర్సీ తెలుగు ఇళ్లకు ఆ సీసా కొత్తేమీ కాదు. పారబోయడానికి మనసొప్పదు, వాడటానికి ధైర్యం చాలదు.

ఐరోపాకు ఈ చిక్కు చాలా పాతది. దానికి దొరికిన గట్టి పరిష్కారాలు ఓడల్లోను, పన్నుల చట్టాల్లోను పుట్టి, ఆ తర్వాతే వంటింట్లోకి వచ్చాయి.

ముందు తెరిచిన వైన్‌కు అసలేమవుతుందో చూడాలి. జరిగేవి రెండు. గాలిలోని ఆక్సిజన్ తగిలి పండ్ల వాసన చచ్చిపోతుంది, రంగు గోధుమకు తిరుగుతుంది. ఇది మొదటిది. ఇక రెండోది ఎసిటిక్ బ్యాక్టీరియా పని. గాలి తగిలే పైభాగాన అది పెరిగి, ఆల్కహాలును వెనిగర్‌గా మారుస్తుంది. వంటకు సంబంధించినంతవరకు మొదటిది పెద్ద నష్టం కాదు. గంటసేపు ఉడికే మాంసంలో ఆ సున్నితమైన వాసనలు ఎలాగూ మిగలవు. రెండోదే ప్రమాదం. సాస్ మరిగి చిక్కబడేకొద్దీ ఆ పులుపు కూడా ముదిరి, నాలుక మీద నిలబడిపోతుంది. తాగడానికి పనికిరాని వైన్ వంటకూ పనికిరాదని గట్టిగా చెప్పేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు. చప్పబడిన వైన్ వేరు, పులిసిన వైన్ వేరు.

గాలిని ఆపాలన్న ఆలోచన టస్కనీ రైతులకు ఎప్పుడో వచ్చింది. గడ్డి అల్లిక చుట్టిన గుండ్రటి సీసాల్లో కియాంటి వైన్ నింపి, మెడ దగ్గర కాస్త ఆలివ్ నూనె పోసేవారు. ఆవకాయ జాడీలో ముక్కల పైకి నూనె తేలేలా చూసుకునే మన ఇళ్లకు ఆ తర్కం వివరించనక్కర్లేదు. అయితే అది తెరవని సీసాకే కాపలా. ఒక్కసారి నూనె తీసి వైన్ వంచాక కథ మళ్లీ మొదటికి వస్తుంది.

తెరిచినా చెడని వైన్ అట్లాంటిక్ సముద్రంలోని ఒక పోర్చుగీసు దీవిలో తయారైంది. ఆ దీవి మదీరా. ఆఫ్రికా చుట్టూ తూర్పుదేశాలకు, పడమట అమెరికా ఖండానికి పోయే ఓడలు అక్కడి ఫుంషాల్ రేవులో ఆగి నీళ్లు, తిండి, వైన్ పీపాలు ఎక్కించుకునేవి. మామూలు వైన్ దారిలోనే పాడయ్యేది. అందుకని 18వ శతాబ్దంలో వర్తకులు అందులో ద్రాక్ష సారాయి కలపడం మొదలుపెట్టారు. ఆ పీపాలు భూమధ్యరేఖ దాటుతూ ఓడ అడుగున ఎండకు కాగి, అలలకు ఊగి, నెలల తరబడి మగ్గేవి. చెడిపోవాల్సింది పోయి రుచి పెరిగింది. అమ్ముడుపోక తిరిగొచ్చిన పీపాల్లోని వైన్ బయల్దేరినప్పటికంటే బాగుందని తేలాక, సముద్రం చుట్టి వచ్చిన సరుకుకు ప్రత్యేకంగా గిరాకీ ఏర్పడింది. కొందరు పీపాలను ఆ ప్రయాణం కోసమే ఓడెక్కించారు.

ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఈ పీపాలు మద్రాసుకూ వచ్చేవి. సెయింట్ జార్జి కోట దొరల విందుబల్లల మీద మదీరా మామూలు పానీయం. మన ఎండకు ఫ్రాన్సు వైన్ తట్టుకోదు. మదీరాకు ఆ వేడి పాత పరిచయమే.

ఓడల మీద తిప్పడం ఖర్చుతో కూడిన పని. అందుకే దీవిలోనే వైన్‌ను వేడిచేసే పద్ధతి పుట్టింది. ఇప్పటికీ మామూలు రకాన్ని 45 నుంచి 50 డిగ్రీల దగ్గర కనీసం మూడు నెలలు కాగబెడతారు. మేలు రకాలను ఎండ కాసే అటకల మీద పీపాల్లోనే ఏళ్లపాటు వదిలేస్తారు. గాలి, వేడి చేయగలిగిన చెడుగంతా సీసాలోకి వెళ్లకముందే జరిగిపోతుంది. పైగా ఆల్కహాలు 17 నుంచి 22 శాతం దాకా ఉంటుంది కాబట్టి వెనిగర్ బ్యాక్టీరియా అందులో బతకలేదు. మునిగినవాడికి చలేమిటన్నట్టు, ఆ సీసా తెరిచి నెలల తరబడి పక్కన పెట్టినా దానికి దిగులు లేదు. ఫ్రెంచి వంటలో మదీరా సాస్‌కు అంత పేరు రావడానికి రుచితోపాటు ఈ సౌకర్యం కూడా కారణమే అని నా అనుమానం. రోజుకు నాలుగు చెంచాలు వాడే వంటవాడికి, నెలంతా ఒకే రుచినిచ్చే సీసా కంటే ఏం కావాలి?

సిసిలీ దీవిలోని మర్సాలాది ఇలాంటి కథే. 1773లో లివర్‌పూల్ వర్తకుడు జాన్ వుడ్‌హౌస్ అక్కడికి చేరాడు. తుపాను తోసుకొచ్చిందని అందరూ చెప్పే కథ. అక్కడివాళ్లు పాత వైన్ ఉన్న పీపా నుంచి అవసరమైనంత తీసుకుని, ఆ ఖాళీని కొత్త వైన్‌తో నింపేవారు. పీపా ఎప్పటికీ అడుగంటదు, లోపల గాలికి చోటూ ఎక్కువ మిగలదు. తీసి వాడుకున్నాక మిగిలినదాన్ని కాపాడుకోవడంలో ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు కనబడలేదు. వుడ్‌హౌస్ ఆ వైన్‌కు సారాయి జోడించి ఇంగ్లండు పంపాడు. 1800లో బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ తన నౌకాదళానికి మర్సాలా కొనిపించడంతో దశ తిరిగింది. తర్వాత ఇంగం, ఫ్లోరియో కుటుంబాలు పెద్ద గిడ్డంగులు కట్టాయి. 1860 మే 11న ఇటలీ ఏకీకరణ యోధుడు గారిబాల్డీ తన వెయ్యిమంది ఎర్రచొక్కాలతో దిగింది ఈ రేవులోనే. ఇంగ్లీషువాళ్ల వైన్ గిడ్డంగుల రక్షణకని వచ్చిన రెండు బ్రిటిష్ ఓడలు అక్కడ ఉండబట్టి అప్పట్లో సిసిలీని ఏలుతున్న నేపుల్స్ రాజు నౌకలు కాల్పులకు తటపటాయించాయి. ఇటలీ ఏకీకరణలో వైన్ పీపాలకూ ఇంత పాత్ర ఉంది. తీపి మర్సాలాలో ఒక రకానికి ఇప్పటికీ గారిబాల్డీ పేరే ఉంది.

20వ శతాబ్దంలో మర్సాలా పరువు దిగజారింది. గుడ్డు, కాఫీ, బాదం కలిపిన చవక రకాలు మార్కెట్ నిండా వచ్చాయి. 1969లో ఇటలీ ప్రభుత్వం ప్రాంతీయ గుర్తింపు ఇచ్చినా, బయటి దేశాల్లో దాని చోటు పొయ్యి పక్కనే స్థిరపడింది. గుడ్డు సొనలు, చక్కెర, మర్సాలా కలిపి గిలక్కొట్టే జబాయోనె, అమెరికాలో ఇటాలియన్ హోటళ్ల చికెన్ మర్సాలా దాని చిరునామాలయ్యాయి. వంటింటి మర్యాద దక్కినందుకు తాగేవాళ్ల బల్ల మీద చోటు పోయింది.

మామూలు వైన్‌ను కాపాడే పని మాత్రం శాస్త్రవేత్త మీద పడింది. ఫ్రెంచి వైన్లు దారిలో పాడవుతున్నాయన్న ఫిర్యాదులతో 1863లో ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ ఆ సంగతి తేల్చమని లూయీ పాశ్చర్‌ను కోరాడు. పాశ్చర్ తన చిన్ననాటి ఊరు ఆర్బువాలో పరిశోధన సాగించాడు. సీసాలో ఉన్న వైన్‌ను 50, 60 డిగ్రీల మధ్య కాసేపు వేడిచేస్తే దాన్ని చెడగొట్టే జీవులు చచ్చి, రుచి మిగులుతుందని 1866లో పుస్తకం అచ్చువేశాడు. ఫ్రెంచి నౌకాదళం జాన్ బార్ అనే ఓడలో వేడిచేసిన వైన్ సగం, చేయనిది సగం పంపి చూసింది. పది నెలల తర్వాత మొదటిది నిక్షేపంగా ఉంది, రెండోది పులుపెక్కుతోంది. పాలను కాచడానికి ఇప్పుడు మనం వాడే పాశ్చరైజేషన్ అన్న పేరు మొదట వైన్ దగ్గర పుట్టిందే. కానీ వంటవాడికి పాశ్చర్ వల్ల ఒరిగింది తక్కువ. మూత తీయగానే గాలితోపాటు కొత్త జీవులూ లోపలికి వెళ్తాయి.

పులిసిన సరుకు వృథా కాకుండా చూసుకున్నది ఫ్రాన్సులోని ఆర్లియన్స్ పట్నం. లువార్ నది మీద వచ్చిన వైన్ పీపాలు అక్కడ దిగి బండ్ల మీద పారిస్‌కు పోయేవి. దారిలో పాడైనవి అక్కడే ఆగిపోయి వెనిగర్ అయ్యేవి. అక్కడి వెనిగర్ తయారీదార్ల సంఘానికి 1394 నుంచీ నిబంధనలున్నాయి. పాశ్చర్ 1867లో ఆ ఊరికే వెళ్లి ఆ వ్యాపారులకు వాళ్ల పనిలో బ్యాక్టీరియా పాత్ర ఏమిటో ఉపన్యాసమిచ్చాడు.

ఇక అమెరికా కిరాణా కొట్లలో దొరికే ‘కుకింగ్ వైన్’ సంగతి. నూనె, వెనిగర్ అరల మధ్య ఉండే ఆ సీసా తెరిచాక నెలలపాటు నిలుస్తుంది. కారణం ఉప్పు. వంద మిల్లీలీటర్లకు కనీసం ఒకటిన్నర గ్రాముల ఉప్పుంటే అక్కడి నిబంధనల ప్రకారం అది తాగే మద్యం కింద లెక్కకు రాదు, మద్యం పన్ను తప్పుతుంది. జపాన్‌లో వంటకని అమ్మే చవక సాకేలో, ఎగుమతయ్యే చైనా షావోషింగ్ వైన్లలో చాలావాటిలో ఉప్పు ఉండటానికీ ఇదే లెక్క. మదీరాలో సైతం ఉప్పు, మిరియాలు కలిపి వంటకే అమ్మే నాసిరకం ఉంది. నిల్వకు ఉప్పు కాస్త సాయం చేస్తుంది, నిజమే. అయితే దాని మీద మొదటి హక్కు పన్నుల అధికారిదే. సాస్ సగానికి మరిగితే ఆ ఉప్పు ఘాటు రెట్టింపవుతుంది. ఆ సీసా నేను కొనను, కొనమని ఎవరికీ చెప్పను.

మామూలు వైన్ మిగిలితే చేయాల్సింది కొంచెమే. చిన్న సీసాలోకి అంచుదాకా పోసి, గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే తాగడానికి మూడు నుంచి ఐదు రోజులు, వంటకు వారానికి అటూ ఇటూగా పనికొస్తుంది. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే నెలలు ఆగుతుంది. ఆల్కహాలు వల్ల పూర్తిగా రాయిలా బిగుసుకోదు, దానికి కంగారుపడక్కర్లేదు. మద్యం ముట్టనివాళ్లు ఒక్కటి తెలుసుకోవాలి. ఉడికితే ఆల్కహాలంతా పోతుందన్న మాట నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం గంటసేపు ఉడికినా పావువంతు మిగులుతుంది, రెండున్నర గంటలకు కూడా 5 శాతం ఉంటుంది.

బిరడా తీయకుండా సూదితో వైన్ లాగి, ఆ ఖాళీలోకి ఆర్గాన్ వాయువు పంపే కొరావిన్ అనే పరికరం 2013లో మార్కెట్లోకి వచ్చింది. ఖరీదైన వైన్ కొనేవాళ్లకు అది బంగారం. పులుసులో పోసే వైన్‌కు ఆ పరికరం కొనడం మాత్రం గుర్రం కంటే జీనుకు ఎక్కువ పెట్టడమే. విమానాల్లో ఇచ్చే 187 మిల్లీలీటర్ల బుల్లి సీసాలు దుకాణాల్లోనూ దొరుకుతాయి. రిసొట్టోకు సగం, మర్నాడు కూరలోకి సగం.