మాచర్ల సేనాని కన్నమదాసు

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా పెదకూరపాడు వాళ్ళం మేం పల్నాటివాళ్ళం అనుకున్నది తక్కువే. మాది సత్తెనపల్లి వైపు. ఇప్పుడు జిల్లా పేరే అది కాబట్టి, ఆ పేరు వెనక ఉన్న సేనాని ఎవరో మనం తెలుసుకోవాలి.

కథ వలసతో మొదలవుతుంది. హైహయ వంశపు అనుగురాజు ఉత్తరాది నుంచి పరివారంతో వచ్చి, వెలనాటి చోళుల ఆడపడుచు మైలమను పెళ్ళాడి, పల్నాటిని అరణంగా పొందాడని వీరగాథ చెబుతుంది. గురజాల రాజధాని అయింది. అతని కొడుకుల్లో నలగామరాజు గురజాలలో నిలిచాడు. మంత్రి బ్రహ్మనాయుడి అండతో మలిదేవరాజు మాచర్లలో వేరు రాజ్యం పెట్టాడు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్ళు ఏడేళ్ళు అడవుల పాలయ్యారు. గడువు తీరాక తమ రాజ్యం తమకిమ్మని అలరాజును రాయబారం పంపితే, అతను తిరిగి రాలేదు. దారిలోనే విషంతో చంపించారు. ఇక మిగిలింది కారంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధం. చరిత్రకారులు ఈ యుద్ధాన్ని 1180 ప్రాంతంలో పెడతారు.

ఆ యుద్ధంలో మాచర్ల సేనలను నడిపినవాడు కన్నమదాసు. మాల కులస్థుడు. బ్రహ్మనాయుడు అతన్ని పెద్దకొడుకుగా స్వీకరించి సర్వసేనాధిపత్యం అప్పగించాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట, గుడి గడప కూడా తొక్కనివ్వని కులంవాడి మాటకు దొరబిడ్డలు కత్తి దూశారన్నది చిన్న విషయం కాదు. అన్ని కులాల వీరులనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు కూడా ఈ గాథలోదే. నా దృష్టిలో పల్నాటి యుద్ధంలో గెలిచింది ఏదైనా ఉంటే ఆ పంక్తి ఒక్కటే. రాజ్యం కోసం పోయిన ప్రాణాలకు లెక్కలేదు, బ్రహ్మనాయుడు కూడా చివరికి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు.

ఈ గాథను పాడి బతికించినవాళ్ళు వీరవిద్యావంతులనే గాయకులు. వాళ్ళలో ఎక్కువమంది మాలలే. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేశాడు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు గాయకుల నోట విన్న కథను ఆంగ్లంలోకి తెచ్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా ప్రచురించాడు. 1947లోనూ 1966లోనూ సినిమాలొచ్చాయి. వాటివల్ల గురజాల మంత్రి నాగమ్మ, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు ఇంటింటి పేర్లయ్యారు. సేనాని పేరు మాత్రం అంతగా పాకలేదు, అది అన్యాయం.

కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారంపూడి వీరుల గుడి దగ్గర ఆ యుద్ధం మళ్ళీ జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఊళ్ళ నుంచి వీరుల ఆయుధాలు మోసుకొస్తారు. మన పిల్లల్ని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళండి. బాలచంద్రుడి కథ చెప్పేటప్పుడు కన్నమదాసు కథ కూడా చెప్పండి.