టేపు నుంచి మెమరీ కార్డు దాకా: క్యామ్‌కార్డర్ ఫార్మాట్ల పరిణామం

కెమెరానూ రికార్డరునూ ఒకే పరికరంలో ఇమిడ్చిన క్యామ్‌కార్డర్ 1983లో సోనీ బీటామూవీ రూపంలో ఇళ్లకు చేరినప్పటికీ, తీసిన దృశ్యాన్ని అందులోనే తిరిగి చూసుకునే వీలుండేది కాదు. తరువాత వీహెచ్‌ఎస్-సీ, వీడియో8 ఫార్మాట్లు పరికరాన్ని చిన్నది చేశాయే గాని బొమ్మ నాణ్యతను పెద్దగా పెంచలేదు. సుమారు 240 గీతల స్పష్టతను 400 దాకా చేర్చినవి 1987 నాటి సూపర్ వీహెచ్‌ఎస్, 1989 నాటి హై8.

అయితే అనలాగ్ యుగపు అసలు చిక్కు ఎడిటింగులో ఉండేది. ఒక డెక్కులో మూలటేపును, మరొక డెక్కులో ఖాళీ టేపును పెట్టి, కోత పడవలసిన చోటి నుంచి రెండింటినీ కొన్ని సెకన్లు వెనక్కి తిప్పి, సమానవేగం అందుకున్నాక రికార్డు చేయవలసి వచ్చేది. పైగా నకలుకు నకలు తీసినకొద్దీ రంగులు చెదిరి, అంచులు మసకబారేవి.

1995లో వచ్చిన డీవీ, ప్రతి ఫ్రేమునూ విడిగా దాదాపు ఐదో వంతుకు కుదించి, సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున అంకెల రూపంలో నమోదు చేసేది కనుక, ఫైర్‌వైర్ కేబులు ద్వారా కంప్యూటరుకు చేరిన దృశ్యం మూలానికి అచ్చంగా సమానంగా ఉండి, ఏ ఫ్రేము దగ్గరైనా కోతకు లొంగేది. గంట దృశ్యానికి సుమారు 13 గిగాబైట్లు కావలసి రావడం మాత్రం ఆనాటి హార్డుడిస్కులకు భారమే.

2003 నాటి హెచ్‌డీవీ, 2006 నాటి ఏవీసీహెచ్‌డీ హెచ్‌డీ చిత్రాన్ని అందించినా, కొన్ని ఫ్రేములనే పూర్తిగా దాచి మిగిలినవాటిలో మార్పులను మాత్రమే నమోదు చేసేవి కాబట్టి, నడిమి ఫ్రేము దగ్గర కోయాలంటే కంప్యూటరు ఇరుగుపొరుగు ఫ్రేములను కూడా విప్పుకోవలసి వచ్చేది. స్పష్టతలో వెనుకబడిన డీవీయే ఎడిటర్లకు సులువుగా తోచడం విచిత్రమే గాని, అకారణం కాదు.