నింగి నేరమా, తీగ నేరమా: రేడియో విమానముల తడబాటు చరిత్ర

సిద్దిపేట ప్రాంతమున, నారాయణరావుపేట వంటి పల్లెలలో, ట్రాన్సిస్టరు రేడియోలు ఇంటింట మ్రోగిన దినములలో, సాయంకాలపు వార్తలు వినువారికి ఒక అనుభవము సామాన్యముగా కలుగుచుండెడిది. ఎవరో పొలమున బోరుమోటారు స్టార్టరు నొక్కినంతనే రేడియోలో చిటపట ధ్వని పుట్టి, వార్తలు చదువువారి కంఠము క్షణకాలము మునిగి మరల తేలెడిది. అదేమని అడిగినవారు లేరు. మోటారు వేసినారని అందరికిని తెలిసియుండెను. విద్యుత్పరికరమున ఎచ్చట నిప్పురవ్వ లేచినను అచ్చట ఒక ప్రసార కేంద్రము వెలసినట్లే యను సత్యమును శాస్త్రగ్రంథములు చదువకయే గ్రహించిన ఆ శ్రోతలు, గగనమున నెగురు నమూనా విమానము హఠాత్తుగా ఱెక్క విదిలించినపుడు దాని కారణమును వెదకుచు నిపుణులు దశాబ్దములపాటు తిరిగిన త్రోవలో సగము దూరము ముందే నడచియుండిరనుట అతిశయోక్తి కాదు.

రేడియోతో నడపబడు నమూనా విమానమున చుక్కానిని, ఱెక్కల అంచు పలకలను కదల్చుటకు సర్వో యను చిన్న యంత్రముండును. రిసీవరు పంపిన ఆజ్ఞ ననుసరించి అది నిర్ణీతమైన కోణమునకు తిరిగి నిలుచును. పైలటు ఆజ్ఞాపింపనిదే అది ఉలికిపడినచో దానినే ఈ విద్యలో నున్నవారు గ్లిచ్ అందురు. అట్టి ఉలికిపాటు అరక్షణమైనను, భూమికి దగ్గరగా నెగురుచున్న విమానమునకు అది చాలును. ఈ దోషము చరిత్రను ఆదినుండి పరిశీలించినచో ఒక విచిత్రము గోచరించును: దోషస్థానము ప్రతి తరమునను దూరపు ఆకాశమునుండి విమానపు గర్భమునకు జరుగుచు వచ్చినది, విమానము కూలిన పైలటు దృష్టి మాత్రము నేటికిని ఆకాశము మీదనే యున్నది.

దూరమునుండి తరంగముతో వస్తువును కదలించు విద్యకు మన దేశమునందే ఒక ప్రాచీన ఘట్టము కలదు. కలకత్తా టౌన్‌హాలులో 1895లో జగదీశ చంద్ర బోసు, గోడలకు ఆవలనుండి పంపిన విద్యుత్తరంగములతో గంట మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపెను. మూడేండ్ల తరువాత, 1898లో, న్యూయార్కు నగరమున నికోలా టెస్లా నీటితొట్టిలో చిన్న నావను తీగ లేకయే త్రిప్పి, అదే యేట నవంబరు 8వ తేదీన పేటెంటు పొందెను. అయితే టెస్లాను గొప్పవానినిగా నేనెంచుట ఆ నావకొఱకు కాదు. అన్యుడెవడైనను తరంగము పంపి నావను తన వశము చేసికొనినచో ఏమగునను ప్రశ్నను అతడు ఆనాడే వేసికొనెను. రెండు వేర్వేరు పౌనఃపున్యములు ఏకకాలమున చేరిననే గాని యంత్రము కదలరాదను ఉపాయమునకు 1903లో మఱొక పేటెంటు సంపాదించెను. రేడియో నియంత్రణము పుట్టిన అయిదేండ్లలోనే అంతరాయ నివారణ విద్యయు పుట్టినదన్నమాట.

బ్రిటిషువారు 1935 నాటికి టైగర్ మాత్ విమానమునకు రేడియో యంత్రమును కూర్చి క్వీన్ బీ యను పేర ఫిరంగుల గురికి వాడిరి. ఇది ప్రభుత్వముల పని. ఇంటిలో కూర్చుండి విమానము చేసికొను సామాన్యుల చరిత్ర అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను అన్నదమ్ములతో ఆరంభమగును. వారు 1937లో ఎగురవేసిన ‘గఫ్’ అను విమానము ఇప్పటికిని స్మిత్సోనియన్ సంగ్రహాలయమున భద్రముగా నున్నది. ఆ కాలపు రిసీవరు ఒకటి రెండు వాల్వులతో కూడిన సూపర్ రీజనరేటివ్ జాతిది. తేలిక, చవుక, మిక్కిలి చురుకు. ఈ మూడు గుణములును దానికి కలవు గాని వివేకము లేదు. పక్కనున్న పౌనఃపున్యములన్నింటిని అది వినును; వినుటయే కాక తానును కొంత ప్రసరించును. కనుక ఒక మైదానమున రెండు విమానములు ఒకేసారి ఎగురుట యనునది ఆ దినములలో దుస్సాహసము.

ఇంతకన్న దగ్గరి శత్రువు ఇంజనులోనే యుండెను. నాటి చిన్న ఇంజనులు పెద్ద మోటారు ఇంజనుల వలెనే కాయిలు, పాయింట్లు, స్పార్కుప్లగ్గులతో నడిచెడివి. నిమిషమునకు వేలమార్లు పుట్టు ఆ నిప్పురవ్వలు రిసీవరునకు జానెడు దూరమున నుండగా, బయటి కేంద్రమేదియు అంతరాయము కలిగింప నక్కరలేదు. దీనికి విరుగుడు రేడియో పండితుల వలన రాలేదు. 1947లో రే ఆర్డెన్ అంగడులకు తెచ్చిన గ్లో ప్లగ్గు, నిప్పురవ్వ లేకయే ఇంధనమును మండించుట చేత, తాను తలపెట్టని ఈ మేలును కూడ ఒనర్చెను. సాంకేతిక చరిత్రలో ఇట్టి పరోక్షోపకారములు తఱచు కనబడును గాని వానికి తగిన కీర్తి దక్కుట అరుదు.

తరువాతి యిరువది యేండ్ల ప్రగతిని త్వరగా దాటవచ్చును. రబ్బరు పట్టీ శక్తితో చుక్కానిని త్రిప్పు ఎస్కేప్‌మెంటు పోయి, శబ్దస్వరములకు స్పందించు లోహపు రీడ్లు వచ్చెను. అవియు పోయి, 1960లలో కాలిఫోర్నియాలో డగ్ స్ప్రెంగ్, డాన్ మాథెస్ మున్నగువారి కృషితో అంక పద్ధతిలో నడుచు ప్రొపోర్షనల్ రేడియో వెలసెను. సర్వోకు వెళ్లు ఆజ్ఞ ఒక చిన్న విద్యుత్‌స్పందము. అది ఒక మిల్లీసెకను నిడివి యైన ఒక కొసకు, రెండు మిల్లీసెకనులైన రెండవ కొసకు, ఒకటిన్నర యైన నడిమికి సర్వో తిరుగును. ఈ స్పందము ఇరువది మిల్లీసెకనుల కొకమాఱు వచ్చుచుండును. చేతికఱ్ఱను ఎంత జరిపిన అంతయే చుక్కాని జరుగు ఈ సౌఖ్యముతో పాటు కొత్త దౌర్బల్యమును వచ్చెను: స్పందపు నిడివిలో స్వల్పభాగము చెడినను సర్వో దానిని ఆజ్ఞయనియే నమ్మును. నేడు మనమెరిగిన గ్లిచ్ నిజమునకు ఈ పద్ధతితోనే పుట్టినది.

పక్క పౌనఃపున్యములను వేరుచేయగల సూపర్‌హెట్ రిసీవర్లు, ఛానెలును స్థిరపరచు స్ఫటికములు వచ్చిన పిదప పలువురు ఒకే మైదానమున కలిసి ఎగురవేయ గలిగిరి. ఒకే ఛానెలును ఇద్దరు వాడకుండుటకు మైదానపు అంచున ఒక పలక నిలిపి, ఛానెలు సంఖ్య వ్రాసిన బట్టల క్లిప్పును తీసికొనినవాడే ట్రాన్స్‌మిటరు వెలిగింపవలయునను కట్టుబాటు లోకమంతటను వ్యాపించెను. అయినను విమానములు కూలుచునేయుండెను. కారణము చిత్రమైనది. అమెరికాలో 72 మెగాహెర్ట్జ్ పట్టీని 20 కిలోహెర్ట్జ్ ఎడముతో ఏబది ఛానెళ్లుగా విభజించిరి. రిసీవరు తన లోపల వచ్చిన తరంగమును 455 కిలోహెర్ట్జ్ మధ్యమ పౌనఃపున్యమునకు దించుకొని వినును. ఇరువది మూడు ఛానెళ్ల యెడముగల ఇద్దరు పైలటులు ఒకేసారి ప్రసరించినచో వారి తరంగముల భేదము 460 కిలోహెర్ట్జ్; అనగా రిసీవరు గర్భమున మధ్యమ పౌనఃపున్యమునకు అతి సమీపము. ఆ ఇద్దరును నియమము తప్పనివారే, ఆ ఇద్దరి క్లిప్పులును వారి చొక్కాలకే యున్నవి. కాని ఏ సంబంధమును లేని మూడవవాని విమానము నేల కూలినది. పలక మీది కట్టుబాటు ఛానెలును కాపాడగలదు గాని రిసీవరు నిర్మాణమును కాపాడలేదని అప్పటికి గాని తెలిసిరాలేదు; రెండుమార్లు పౌనఃపున్యమును మార్చుకొను రిసీవర్లు అందువలననే వ్యాపించెను.

మన దేశమున ఈ కథ వేరు బాటను నడిచెను. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము అమలులో నుండగా, ప్రసారము చేయు పరికరమును కలిగియుండుటకే అనుమతి కావలసియుండెను. పరికరము విదేశమునుండియే రావలయును. కావున తెలుగునాట ఈ విద్య చిరకాలము సంస్థల ప్రాంగణములలోనే యుండెను: ఎన్.సి.సి. వాయుదళ విభాగపు విద్యార్థుల నమూనా విమాన శిక్షణములో, 1960ల ఆరంభమున హైదరాబాదునకు తరలివచ్చిన రక్షణ పరిశోధనాలయమున, ఇంజనీరింగు కళాశాలలలో. హైదరాబాదున 1983లో స్థాపితమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరంగవిద్యను సామాన్యుల చేతికి కొంత తెచ్చెను. బంధువు తెచ్చియిచ్చిన సెట్టు చెడినచో విడిభాగము దొరకని దేశమున ప్రతి ఔత్సాహికుడును మరమ్మతుకారుడు కాక తప్పలేదు. ఈ లేమి వలన కలిగిన లాభమును నేను తక్కువగా నెంచను.

ఆ మరమ్మతుకారులు కనుగొనిన దోషులందఱును విమానములోనే యుండిరి. లోహపు కడ్డీ లోహపు కొక్కెమున ఒరసికొనునపుడు ఆ వదులు కీలు పుట్టించు విద్యుద్ధ్వని మొదటిది. ఒకవైపు నైలాను కొక్కెము వేసిన మాయమగునది. నికెల్-కాడ్మియం బ్యాటరీలో ఋణధ్రువపు తీగ లోలోపల నల్లబడి, చూపునకు చక్కగానుండి, భారము పడినప్పుడు మాత్రము వోల్టేజిని మ్రింగుట రెండవది. సర్వోలో స్థానమును తెలుపు కార్బను చాలు, ఇంజను కంపనమునకు నడిమిభాగముననే అరిగి, సర్వో సరిగా మధ్యస్థానమున మాత్రమే వణకుట మఱియొకటి. బ్రష్షుల మోటారైనచో బోరుమోటారు స్టార్టరు కథయే మరల. దాని రెండు కొనలనుండి డబ్బాకును, కొనల నడుమను 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మూడు అతికినచో అణగును. పెద్ద ఱెక్కలలో మూరెడేసి సాగిన సర్వో తీగలు యాంటెన్నాలుగా మారుటకు వానిని పెనవేయుట, ఫెరైటు వలయమున నాలుగైదు చుట్లు త్రిప్పుట విరుగుడు.

వీనిలో ఏది దోషియో తేల్చుటకు పుట్టిన పరీక్ష మిక్కిలి సరళము, మిక్కిలి సూక్ష్మము. ట్రాన్స్‌మిటరు యాంటెన్నాను ముడిచి, విమానమును నేలపై నుంచి, సర్వోలు తడబడు వఱకు నడిచి దూరమును గుర్తింపవలయును. పిమ్మట ఇంజనును పూర్తి వేగమున నడిపి మరల నడువవలయును. రెండవసారి దూరము గణనీయముగా తగ్గినచో ఆకాశము నిర్దోషి. పిమ్మట అనుమానమున్న సర్వోను రిసీవరులో మఱొక గూటికి మార్చవలయును. వణకు దానివెంటనే వచ్చిన సర్వోది, పాత గూటనే నిలిచిన రిసీవరుది లేక తీగది. ఒకేసారి రెండు భాగములు మార్చినవాడు ఏమియు తెలిసికొనడు.

1980లలో వచ్చిన పి.సి.ఎం. పద్ధతి ఈ విద్యకు మేలును కీడును కలిపి చేసెను. చెడిన ఆజ్ఞను రిసీవరు గుర్తుపట్టి, దానిని త్రోసిపుచ్చి, కడపటి మంచి ఆజ్ఞను పట్టియుంచుటయో, ముందుగా నిర్ణయించిన క్షేమస్థితికి సర్వోలను చేర్చుటయో చేయును. ఉలికిపాటు కనబడదు. కాని పాత రిసీవరు వణకి వణకి పైలటును హెచ్చరించెడిది. ఇది మాత్రము తుది వఱకు నిండుకుండ వలె నిశ్చలముగా నుండి, పిదప ఒక్కసారిగా ఆజ్ఞ వినుట మానును. లక్షణమును దాచిన చికిత్స అని దీనిని కొందరు నిందించుట నాకు న్యాయముగనే తోచును.

నటి హెడీ లమార్, స్వరకర్త జార్జ్ ఆంథీల్ 1942 ఆగస్టు 11న పేటెంటు పొందిన పౌనఃపున్య లంఘన భావము, అనగా ప్రసారము ఒక పౌనఃపున్యమునుండి మఱొకదానికి దుముకుచుండు ఉపాయము, అనేక పరిణామముల పిమ్మట, 2005 ప్రాంతమున 2.4 గిగాహెర్ట్జ్ రేడియోల రూపమున నమూనా విమానములను చేరెను. ఆ సంవత్సరము జనవరిలోనే మన ప్రభుత్వము ఆ పట్టీని తక్కువ శక్తి పరికరములకు లైసెన్సు లేకయే వాడుకొననిచ్చెను. స్ఫటికము, క్లిప్పు, పలక అన్నియు ఒక్కసారిగా అనవసరములయ్యెను. మీటరు పొడవు యాంటెన్నా 31 మిల్లీమీటర్లకు దిగెను. అంతరాయమను మాటయే ఇక వినబడదని పలువురు నమ్మిరి.

విమానములు మాత్రము కూలుట మానలేదు. కొత్త రిసీవరులో సూక్ష్మ కంప్యూటరు కలదు; దానికి సుమారు మూడున్నర వోల్టులు నిరంతరము కావలయును. నాలుగైదు డిజిటల్ సర్వోలు ఒక్కసారిగా బలము పట్టినపుడు 4.8 వోల్టుల బ్యాటరీ క్షణమాత్రము అంతకన్న క్రిందికి జారినచో, ఆ కంప్యూటరు మరల మొదటినుండి మేల్కొనవలసి వచ్చును. తొలినాళ్ల రిసీవర్లు ఇందుకు కొన్ని సెకనులు తీసికొనెడివి. ఈ లోపల విమానము నేలను చేరుచుండెను. పైలటు సిగ్నలు పోయిందనెను. పోయినది సిగ్నలు కాదు, వోల్టేజి. తయారీదారులు తరువాత రిసీవరుపై దీపము ఉంచి, బలము తగ్గి మరల మేల్కొనినపుడు అది మినుకుమినుకుమనునట్లు చేసిరి. ఇక పొట్టి తరంగమునకు కార్బను నారతో చేసిన దేహము గోడయగును, తడిసిన చెట్టు తెరయగును. కావున రెండు యాంటెన్నాలను ఒకదానికొకటి లంబముగా, దేహమునకు వెలుపల నుంచుట ఆచారమయ్యెను.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమావళి తరువాత ఈ విద్య నగరపు క్రీడామైదానమును విడిచి పొలములకు దిగెను. అదే యేట సెప్టెంబరు 11న వికారాబాదులో మందులు మోసిన డ్రోన్లు పత్రికల నాకర్షించెను గాని, నారాయణరావుపేట పరిసరములందలి వరిమళ్లకు చేరినది మందు చల్లు డ్రోనే. నీరు నిలిచిన మడి తరంగమును అద్దమువలె ప్రతిఫలించును. నేరుగా వచ్చిన తరంగమును, నీటిపై బడి వచ్చిన తరంగమును కొన్ని యెడలలో ఒకదాని నొకటి హరించుకొనుట చేత, తక్కువ ఎత్తున దూరముగా నున్న డ్రోనుకు సిగ్నలు క్షీణించును. కరెంటు తీగల చేరువను, ఇనుము కలసిన కట్టు మీదను దిక్సూచి తప్పుచూపు చూపును. డ్రోను వక్రముగా జరుగగా ఆపరేటరు సిగ్నలును తిట్టును. బ్యాటరీనుండి మోటార్లకు పోవు పదుల ఆంపియర్ల కరెంటు స్వయముగా ఒక అయస్కాంతమగుట చేతనే దిక్సూచిని ఎత్తయిన కఱ్ఱపై నిలుపుదురు.

వీనికి మించి పొలమున మాత్రమే ఎదురగు దోషి ఒకటి కలదు. చల్లిన మందు తుంపర మోటారు వైర్ల ప్లగ్గులలో, సెన్సారు గూళ్లలో చేరి, రాగి మీద పచ్చని చిలుము పట్టించును. ఆ ప్లగ్గు ఇంటివద్ద పరీక్షించిన బాగుగనే యుండును. ఎగిరి కంపించినపుడు మాత్రమే సంధి వీడి కలిసి, వీడి కలిసి, గ్లిచ్‌కు సాక్షాత్తు కవలయగును. డ్రోను తనలో నమోదు చేసికొనిన దాఖలాను చూచి తరంగబలము నిండుగానుండగనే మోటారు ఆజ్ఞ తెగినదని కనుగొనిన మెకానికు మొదట ప్లగ్గును ఊడదీసి వాసన చూచును. పిదప మంచినీట దేహమును కడిగి, నీడను ఆరబెట్టి, కాంటాక్టు క్లీనరు చల్లి, ప్లగ్గు బిగువు తగ్గినచో కొత్తది వేసి, ఆ పిమ్మటనే రేడియో సంగతి చూచును.