'మే' నుంచి 'షల్' వరకు: ఒక సహాయక క్రియ చరిత్ర

1. విషయ పరిచయం

ఇంగ్లీషులో కెన్, మే, షల్, విల్, మస్ట్ వంటి వాటిని మోడల్ సహాయక క్రియలు అంటారని మీరు చదివే ఉంటారు. పరీక్షలో ఖాళీలు పూరించే చిన్న మాటలుగానే మనం సాధారణంగా వాటిని చూస్తాం. కాని మన దేశ చరిత్రలో ఇటువంటి ఒక మాట మీద పార్లమెంటులో తీవ్రమైన వాదన జరిగింది. ఆ మాట చుట్టూ అల్లుకొన్న భయం వీధులకెక్కినప్పుడు ప్రాణాలు కూడా పోయాయి. ఆ మాట 'మే'. దాని స్థానంలో ఉండాలని కోరిన మాట 'షల్'. ఈ భాగంలో ఈ రెండు మాటల పుట్టుకను, నిత్యవ్యవహారంలో వాటి వాడుకను, అధికార భాషా వివాదంలో వాటి పాత్రను తెలుసుకొందాం.

2. ఈ క్రియలు ఎక్కడినుంచి వచ్చాయి?

మోడల్ క్రియలు మొదటినుంచీ సహాయక క్రియలు కావు. ప్రాచీన ఇంగ్లీషులో వాటికి సొంత అర్థాలు ఉండేవి. 'కెన్' అంటే తెలిసి ఉండటం. 'మే' అంటే శక్తి కలిగి ఉండటం. బలం అనే అర్థంలో ఇప్పటికీ వాడే 'మైట్' అనే నామవాచకం ఆ కుటుంబానికి చెందినదే. 'విల్' అంటే కోరుకోవడం. 'షల్' అంటే బాకీ పడి ఉండటం. అప్పు, తప్పు అనే రెండు అర్థాలూ ఉన్న జర్మన్ మాట 'షుల్డ్' దీనికి బంధువు.

కాలక్రమంలో ఈ అర్థాలు మారాయి. బాకీ తీర్చక తప్పదు కాబట్టి 'షల్' విధిని సూచించే మాట అయింది. శక్తి ఉన్నవాడు పని చేయగలడు, అడ్డులేనివాడు చేయవచ్చు. ఆ విధంగా 'మే' సామర్థ్యం నుంచి అనుమతికీ సంభావ్యతకూ జరిగింది.

'హి గోస్' అంటాం గాని 'హి కెన్స్' అనం. ఎందుకో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? కెన్, మే, షల్ వంటివి చాలా పూర్వం భూతకాల రూపాలుగా ఉండి, తరవాత వర్తమానార్థంలో స్థిరపడ్డాయి. అందుకే వాటికి వర్తమానకాలపు 'స్' ప్రత్యయం చేరలేదు. మనం బట్టీపట్టే నియమం వెనక ఇంత చరిత్ర ఉంది.

3. నిత్యవ్యవహారంలో 'మే', 'షల్'

ఈ రెండు వాక్యాలు చూడండి. 'యూ మే గో' అంటే నువ్వు వెళ్లవచ్చు. 'ఇట్ మే రెయిన్' అంటే వాన రావచ్చు. మొదటిది అనుమతి, రెండోది సంభావ్యత. తెలుగులో 'వచ్చు' కూడా ఈ రెండు పనులూ చేస్తున్నది గమనించండి.

వ్యతిరేకార్థంలో మాత్రం తేడా వస్తుంది. 'హి మే నాట్ కమ్' అంటే అతడు రాకపోవచ్చు. 'యూ మే నాట్ ఎంటర్' అంటే మీరు ప్రవేశించరాదు. తెలుగులో 'రాకపోవచ్చు', 'రాకూడదు' వేరువేరు రూపాలు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే రూపం. ఏ అర్థమో సందర్భాన్నిబట్టి మీరే గ్రహించాలి.

'షల్' విషయంలో జాన్ వాలిస్ పేరు గుర్తుంచుకోండి. 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఆయన ఒక భేదం చూపాడు. ఉత్తమ పురుషలో 'షల్' జరగబోయేదాన్ని మాత్రమే చెబుతుంది. మధ్యమ, ప్రథమ పురుషలలో అది వాగ్దానాన్ని గాని బెదిరింపును గాని తెలుపుతుంది. నేటి సంభాషణలో ఈ భేదం దాదాపు పోయింది. 'షల్ ఐ ఓపెన్ ద డోర్?' వంటి ప్రశ్నలలోనే 'షల్' ఎక్కువగా వినిపిస్తుంది. అయితే చట్టాల భాషలో పాత అర్థం నిలిచింది. చట్టంలో 'షల్' అంటే చేయాలి, 'మే' అంటే చేయవచ్చు. సందర్భాన్నిబట్టి న్యాయస్థానాలు ఒకదాన్ని మరొకదానిగా గ్రహించిన సందర్భాలూ ఉన్నాయి.

4. ఒక మాట మీద వివాదం

ఇప్పుడు రాజ్యాంగంలోని 343వ అధికరణం చూద్దాం. కేంద్ర అధికార భాష దేవనాగరి లిపిలోని హిందీ అని చెప్పేచోట 'షల్' ఉంది. 15 సంవత్సరాలపాటు ఇంగ్లీషు కొనసాగాలనే చోట కూడా 'షల్' ఉంది. ఆ గడువు తరవాత ఇంగ్లీషు వాడకానికి పార్లమెంటు చట్టం చేయవచ్చు అనేచోట మాత్రం 'మే' ఉంది.

గడువు 1965 జనవరి 26తో ముగియనుండగా, 1963లో అధికార భాషల చట్టం వచ్చింది. హిందీతోపాటు ఇంగ్లీషు కొనసాగడం గురించి చెప్పే 3వ సెక్షన్‌లో 'మే' అని రాశారు. హిందీయేతర ప్రాంతాలు కోరినంతకాలం ఇంగ్లీషు ఉంటుందని ప్రధాని నెహ్రూ 1959లోనే హామీ ఇచ్చారు. ఇక్కడ 'మే'కు 'షల్' అన్న అర్థమే ఉందని ఆయన వాదించారు. రాజ్యసభ సభ్యుడు సి.ఎన్. అన్నాదురై అంగీకరించలేదు. 'మే' అన్నచోట రేపు మరొక ప్రభుత్వం 'మే నాట్' అని చదవవచ్చని ఆయన భయం. రెండు మాటలకూ అర్థం ఒకటే అయితే 'షల్' అనే రాయవచ్చు కదా అన్నది విమర్శకుల ప్రశ్న. కేంద్ర ఉద్యోగ పరీక్షలు రాసే హిందీయేతర విద్యార్థుల భవిష్యత్తు ఆ మాట మీద ఆధారపడి ఉందని గుర్తించండి.

1964 మే నెలలో నెహ్రూ మరణించారు. హామీ ఇచ్చిన వ్యక్తి లేరు, చట్టంలో 'మే' మాత్రం మిగిలింది. 1965 జనవరి 25న మదురైలో ఘర్షణలు మొదలై మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించాయి. పోలీసు కాల్పులలో, హింసలో పదుల సంఖ్యలో మరణించారు. కొందరు ఆత్మాహుతి చేసుకొన్నారు. కేంద్ర మంత్రులు సి. సుబ్రహ్మణ్యం, ఒ.వి. అలగేశన్ రాజీనామా లేఖలు ఇచ్చారు. ఫిబ్రవరి 11న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి రేడియోలో మాట్లాడుతూ నెహ్రూ హామీలను నిలబెడతామన్నారు. 1967 ఎన్నికలలో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్ ఓడింది. అన్నాదురై ముఖ్యమంత్రి అయ్యారు.

1967 చివర పార్లమెంటు ఆమోదించిన సవరణ 1968 జనవరిలో చట్టమైంది. మొదటి వాక్యంలో 'మే' అలాగే ఉంది. కాని హిందీని అధికార భాషగా స్వీకరించని రాష్ట్రాలతో కేంద్రం జరిపే ఉత్తరప్రత్యుత్తరాలలో ఇంగ్లీషు వాడాలంటూ 'షల్' చేరింది. ఆ రాష్ట్రాల శాసనసభలన్నీ తీర్మానించి, తరవాత పార్లమెంటు ఉభయసభలూ తీర్మానించేవరకు ఈ ఏర్పాటు కొనసాగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కూడా ఈ రక్షణ పరిధిలో ఉన్నాయి.

5. సారాంశం

శక్తిని తెలిపిన 'మే' అనుమతికి, సంభావ్యతకు మారింది. బాకీని తెలిపిన 'షల్' విధిగా మారింది. మాట్లాడేటప్పుడు 'మే'లోని సందిగ్ధత మనకు ఇబ్బంది కలిగించదు. సందేహం వస్తే ఎదుటివారిని అడుగుతాం. చట్టాన్ని రాసినవారు ఎల్లకాలం పక్కన ఉండరు. అప్పుడు రాసిన మాటే మిగులుతుంది. ఇకమీదట మీరు దరఖాస్తు నిబంధనలు గాని ఒప్పంద పత్రం గాని చదివేటప్పుడు 'మే' ఎక్కడ ఉందో, 'షల్' ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకొని చదవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'మే నాట్'కు గల రెండు అర్థాలను తెలుగు ఉదాహరణలతో వివరించండి.
2. 343వ అధికరణంలో 'షల్', 'మే' ఎక్కడెక్కడ ఉన్నాయి? ఆ తేడా ఎందుకు ముఖ్యం?
3. నోటిమాటగా ఇచ్చిన హామీకి, చట్టంలో రాసిన మాటకు గల తేడాను 1963-1968 నాటి సంఘటనల ఆధారంగా చర్చించండి.